రెండెకరాల దొరతనం

మా యజమాని తన ఇంటిని ఏనాడూ ఇల్లు అనలేదు. "ఎస్టేట్" అనేవారు. రెండెకరాల స్థలం. అందులో ఎకరన్నర బండరాళ్లే. మిగిలిన అరెకరంలో ఒక పాత రాతి బంగళా, దాని వెనక ఒక బావి, బావి పక్కన తోటమాలి కాపురముండే ఒంటిగది, రెండు సీతాఫలం చెట్లు. మా అమ్మ గుడివాడ నుంచి వచ్చినప్పుడు నేను పనిచేసే చోటు చూస్తానంటే తీసుకెళ్లాను. గేటు దగ్గరే నిలబడి నాలుగు వైపులా చూసి, "పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదేనటే" అని గట్టిగా అంది. ఆయన వరండాలోనే ఉన్నారు. ఆయనకు వినబడలేదనే నేను ఈ రోజుకీ నమ్ముతున్నాను.

ఎనభైల మధ్యలో మా ఆయనకు బదిలీ అయి హైదరాబాదు వచ్చాం. వెంగళరావు నగర్‌లో రెండు గదుల వాటాలో దిగాం. నేను టైపు హయ్యరు పాసయ్యాను, ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాస్తాను. ఎవరో చెబితే జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దమనిషి దగ్గర సెక్రటరీగా చేరాను. చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి, రాళ్ల మధ్య దారిలో చెప్పులు అరిగేలా ఎక్కాలి. సినిమావాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని వస్తున్న రోజులు. పొద్దున చూసిన బండ సాయంత్రానికి ఉండేది కాదు, దాని చోట ఎవరో హీరోగారి ఇంటికి పునాది తీసేవాళ్లు.

మా యజమాని కోస్తాలో ఒక చిన్న జమీందారుగారి మనవడు. జమీ పోయింది, తర్వాత భూములు పోయాయి. తాతగారు ఎప్పుడో ముచ్చటపడి ఈ గుట్ట మీద కట్టించిన బంగళా ఒక్కటే మిగిలి ఈయన చేతికొచ్చింది. మేమంతా రాజాగారు అని పిలిచేవాళ్లం. పిలవకపోతే పలికేవారు కాదు. వయసులో ఉండగా లా చదవడానికి ఇంగ్లండు వెళ్లి, రెండేళ్లుండి, డిగ్రీ లేకుండా ఒక పైపుతో, ఒక చేతికర్రతో, ఒక ఇంగ్లీషు స్నేహితుడి చిరునామాతో తిరిగొచ్చారు. పొగాకు డాక్టరు మాన్పించాడు. అయినా ఖాళీ పైపు నోట్లో అలాగే ఉండేది.

ఆ స్నేహితుడు మాత్రం నిజం దొర. వంద గదుల ఇల్లు, కనుచూపు మేర భూమి తండ్రి నుంచి వచ్చాయి. నెలకో ఉత్తరం రాసేవాడు. ఆ ఉత్తరాలు విప్పి చదవడం, వాటికి జవాబులు టైపు చేయడం నా ముఖ్యమైన ఉద్యోగం. విచిత్రమేమిటంటే ఆయన ఉత్తరాల్లో దొరతనం వెతికినా కనబడేది కాదు. పడమటి వైపు కప్పు కారుతోంది. గొర్రెలకు గిట్టల జబ్బు వచ్చింది. తండ్రి పోయినందుకు సర్కారు పన్ను వేస్తే వాగు పక్క పొలాలు అమ్మేశాను. ఆదివారాలు టిక్కెట్టు పెట్టి జనాన్ని ఇల్లు చూడనిస్తున్నాను, మొన్న ఒకావిడ మా నాయనమ్మ మంచం మీద కూర్చుని బిస్కెట్లు తింది. ఇలా సాగేవి.

రాజాగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, కళ్లు మూసుకుని జవాబు చెప్పేవారు. "మా ఎస్టేట్‌లోనూ కప్పు సమస్యే" అనేవారు. పోర్టికోలో ఒక మూల చినుకులు పడేవి, అదీ సమస్య. "పశువుల వల్ల మేమూ బాధపడుతున్నాం" అనేవారు. కింద బస్తీ మేకలు గోడ దూకి క్రోటన్లు తినేవి. "అప్పుడప్పుడు కళాకారులకు ఇంటి ద్వారాలు తెరుస్తుంటాను" అనేవారు. అంటే సినిమా షూటింగులకు అద్దెకిచ్చేవారు. మా జీతాలు అందులోంచే వచ్చేవి. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని నేను మనసులో అనుకుంటూ, మార్జిన్లు సరిచూసుకుంటూ, చెప్పింది చెప్పినట్టు కొట్టేదాన్ని.

రోజూ పొద్దున ఎనిమిదింటికి టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని "ఇన్‌స్పెక్షన్"కి బయలుదేరేవారు. వెనకాల తోటమాలి బకెట్టుతో నడిచేవాడు. ఎస్టేటంతా చుట్టిరావడానికి ఏడు నిమిషాలు పట్టేది. అంత త్వరగా అయిపోతే బాగుండదని మూడుసార్లు తిరిగేవారు. మూడోసారికి తోటమాలి బకెట్టు కింద పెట్టేసి ఒట్టి చేతులతో నడిచేవాడు.

తోటమాలికి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, తలకు తెల్ల రుమాలు. కూతుళ్ల పెళ్లిళ్లు అయిపోయాయి. ఆయనా భార్యా ఆ బావి పక్క గదిలో ఉండేవాళ్లు. మేం దాన్ని గది అనేవాళ్లం, రాజాగారు అవుట్‌హౌస్ అనేవారు, ఆయన మాత్రం "మా అర్ర" అనేవాడు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు. ఎండాకాలం మా ఆఫీసు గదిలో ఫ్యాను కింద చెమటలు కారుతుంటే, నేను మంచినీళ్ల వంకతో ఆ అర్రలోకి వెళ్లి కూర్చునేదాన్ని.

ఒకసారి ఇంగ్లీషు దొర తన తల్లి వేసిన గులాబీ తోట గురించి రాశాడు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఇంటికంటే ఆ తోటకే ముచ్చటపడుతున్నారట. ఇంకేముంది, రాజాగారికీ గులాబీ తోట కావాల్సొచ్చింది. పైగా తోట ఉంటే సినిమావాళ్లు పాటలకు వస్తారని ఎవరో చెవిలో వేశారు. గులాబీకి మట్టి కావాలి, నీళ్లు కావాలి. ఆ రెండూ ఉన్నది బావి దగ్గరే. అక్కడ అర్ర ఉంది. "చలికాలం వెళ్లేలోగా అవుట్‌హౌస్ తీసేద్దాం, వేరే చోటు చూసుకో" అని తోటమాలితో ఇన్‌స్పెక్షన్ రెండో చుట్టులో అన్నారు. మూడో చుట్టులో ఆయన వెనకాల ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం తోటమాలి నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, జర నా ముచ్చట ఇను. దొర మా అర్ర కూలగొడ్తడంట. గీ వయసుల కిరాయి ఇల్లు ఏడ దేవులాడాలె? నాదంటే ఎట్లనో నడుస్తది. మా ముసల్దానికి కండ్లు కనవడయి. గీడనైతే బాయి ఏడుందో, గడప ఏడుందో దానికి చేతికి ఎరుకనే. కొత్త జాగల ఏడనో పడి సస్తది."

నిజమే. ఆమెకు చూపు పోయి నాలుగేళ్లయింది. అయినా ఆ అర్రలో పొయ్యి వెలిగించేది, బావి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చేది, గోడ మీద చెయ్యి ఆనించి మలుపు తిరిగేది. నేను వెళితే అడుగుల చప్పుడుకే "టైపమ్మ వచ్చింది" అనేది. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆగలేను. తిన్నగా రాజాగారి గదిలోకి వెళ్లి, ఆ ముసలావిడ ఎక్కడికి పోతుందండీ అని అడిగాను.

ఆయన పైపు తీసి బల్ల మీద పెట్టారు. "చూడమ్మా, సెంటిమెంటుతో ఎస్టేట్ మేనేజ్ చెయ్యలేం. ఫిబ్రవరిలో మా ఫ్రెండ్ వస్తున్నాడు. ఆయనకి ఈ విషయాల్లో అనుభవం ఉంది. ఆయన ఎక్కడ వెయ్యమంటే అక్కడే గులాబీలు. అంతవరకు ఆగుదాం."

అంటే ఇద్దరు ముసలివాళ్ల గూడు ఉండాలా ఊడాలా అన్నది, సముద్రాలవతల నుంచి వచ్చే ఒక తెల్లాయన తేల్చాలన్నమాట. సరే, ఆ దొర ఉత్తరాలు ఎన్నేళ్లుగానో చదువుతున్నాను, మనిషి మంచివాడే అనుకున్నాను. తోటమాలికి అదే చెప్పాను. ఆయన ఆ రోజు నుంచి ఫిబ్రవరి ఎప్పుడని వారం వారం అడిగేవాడు.

ఫిబ్రవరి వచ్చింది. దొర వచ్చే రోజునే షూటింగ్ పడింది. సినిమావాళ్లు ముందు చెప్పిన తేదీ తప్పి ఆ రోజు లారీలతో దిగిపోయారు. వెనకటి కాలం కథట. అందులో ఒక ఇంగ్లీషు కలెక్టరు వేషం ఉంది. ఆ వేషానికి గోవా నుంచి ఒక తెల్లవాణ్ణి రప్పిస్తున్నారు, వాడు ఇంకా రాలేదని ప్రొడక్షన్ మేనేజరు పొద్దుటి నుంచి గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రాజాగారు పూలదండ తీసుకుని, పాత కారులో బేగంపేట విమానాశ్రయానికి వెళ్లారు. కారు దారిలో మొరాయించింది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

పదిన్నరకు గేటు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి మోచేతుల దగ్గర తోలు అతుకులు వేసిన కోటుతో, చేతిలో గుడ్డ సంచితో ఒక తెల్లాయన దిగాడు. ప్రొడక్షన్ మేనేజరు ఒక్క ఉదుటున వెళ్లి సంచి లాక్కున్నాడు.

"వచ్చావా నాయనా! ఇంత లేటయితే ఎలా? ముందు టిఫిన్ తిను. ఒరేయ్, ఈయనకి నాలుగిడ్లీలు పెట్టండి. మేకప్ ఎక్కడయ్యా!"

ఆయన ఇడ్లీలు తిన్నాడు. కుర్చీలో కూర్చోబెడితే కూర్చున్నాడు. మొహానికి రంగు పూస్తే పూయించుకున్నాడు. మన దేశంలో అతిథి మర్యాద ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాడట. మీసం అంటించి, టోపీ పెట్టి, వేషం కోటు తొడిగి తీసుకొచ్చి డైరెక్టరుగారి ముందు నిలబెట్టారు. నేను అప్పటికి ఆ గోల విని బయటికొచ్చాను. డైరెక్టరు ఆయన్ని నాలుగడుగులు నడిపించి చూసి, పెదవి విరిచాడు.

"ఈయనొద్దండీ. దొరలా లేడు. ఆ నడకేంటండీ, వంటమేస్త్రిలా! కళ్లలో ఆ పొగరేది? దొరతనం కనబడాలండీ, దొరతనం!"

సరిగ్గా అప్పుడే రాజాగారు చేతికర్ర ఊపుకుంటూ, నోట్లో పైపుతో, వాడిన పూలదండతో మండిపడుతూ గేట్లోకి వచ్చారు. డైరెక్టరు ఆయన వైపు చూపించాడు. "అదిగో, అలా ఉండాలి! ఆయనే కొంచెం తెల్లగా ఉంటే ఈ వేషానికి సరిగ్గా సరిపోయేవాడు."

ఆ తెల్లాయన మేకప్‌మేన్‌తో "నేను ఈ ఇంటి యజమాని స్నేహితుణ్ణి, వారెక్కడ?" అని ఇంగ్లీషులో మర్యాదగా అడుగుతుంటే, ఈయనే మన దొర అని అర్థమై పరుగెత్తాను. మీసం నేనే పీకాను. ఎర్రగా కందింది పాపం. ఆయన పగలబడి నవ్వాడు. రాజాగారు నవ్వలేదు. కానీ డైరెక్టరు తన గురించి అన్న మాట మాత్రం తర్వాత ఎన్నో ఏళ్లు, వచ్చిన ప్రతి అతిథికీ చెప్పుకున్నారు.

దొర ఐదు రోజులున్నాడు. తిన్న కంచం తనే కడుగుతానని పట్టుబట్టి వంటమనిషిని ఏడిపించాడు. రెండో రోజు పోర్టికోలో కారే మూల చూసి నిచ్చెన అడిగాడు. చొక్కా చేతులు మడిచి పైకెక్కి, నీళ్లు పోయే గొట్టంలోంచి గుప్పెళ్లకొద్దీ ఎండుటాకులు లాగి కింద పడేశాడు. అంతే. నేను ఉత్తరాల్లో ఏడాదికి నాలుగుసార్లు టైపు చేసిన "కప్పు సమస్య" అరగంటలో తీరిపోయింది. నిచ్చెన పట్టుకోవాలా, అలా పట్టుకుంటే పరువు పోతుందా అన్నది రాజాగారు తేల్చుకోలేకపోయారు. తోటమాలి పట్టుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం బావి దగ్గరకు వెళ్లాం. ఎదురుచూసిన ఘడియ అదే. "గులాబీలు ఇక్కడ వేద్దామనుకుంటున్నాను, ఈ షెడ్డు తీసేస్తున్నాం" అన్నారు రాజాగారు. దొర అర్ర గోడ దగ్గరకు వెళ్లి, రాళ్లు కలిసిన చోట వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. ఇది ఎప్పటిదని అడిగాడు. రాజాగారికి తెలియదు. తోటమాలిని అడగమని దొర నా వైపు తిరిగాడు.

తోటమాలి రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎన్నాళ్ల నుంచి మనసులో పెట్టుకున్నాడో, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"మా నాయిన కట్టిండమ్మా. బంగ్ల పని మొదలువెట్టక ముందుగాలనే కట్టిండు, రాళ్లు కొట్టెటోళ్లు ఉండెతందుకు. వాళ్లు గీ అర్రల ఉండే గా బంగ్ల లేపిండ్రు. నేను గీడనే పెరిగిన. మా ముసల్దానికి కండ్లు లేవు, గీ గోడలే దానికి కండ్లు. మేం సచ్చేదాంక మమ్ముల గీడనే ఉండనియ్యమని తెల్లదొరకు చెప్పమ్మా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. తండ్రి కట్టాడని చెప్పాను. బంగళా కంటే ముందు కట్టాడని చెప్పాను. రాళ్లు కొట్టేవాళ్లు ఇందులో ఉండే బంగళా లేపారని చెప్పాను. అక్కడ ఆపేశాను.

ఎందుకు ఆపానో దాచను. ఒకటి, తెలివి. ఈ దొర ఉత్తరంలో తన ఇంటి పాత పొగగొట్టం గురించి రెండు పేజీలు రాసే మనిషి, ఈయనకు మనుషుల మీద జాలి కంటే పాత రాళ్ల మీద మోజు ఎక్కువ, ఏడుపు కలిపితే పని చెడుతుంది అని లెక్క వేసుకున్నాను. రెండోది, భయం. అతిథి ముందు పనివాడి మొర వినిపిస్తే రాజాగారి పరువు పోతుంది, పోయిన పరువుకు నా ఉద్యోగం చెల్లు పెడతారు. అప్పుడు మొదటి కారణమే నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను.

నా లెక్క తప్పలేదు. దొర కళ్లు మెరిశాయి. "మీ ఎస్టేట్‌లో అన్నిటికంటే పాత కట్టడం ఇదన్నమాట! మా దేశంలో దీన్ని కూలిస్తే నన్ను జైల్లో పెడతారు. దీని మీద చెయ్యి వెయ్యకు" అన్నాడు. రాజాగారి మొహం చూడాలి. రెండెకరాల్లో తనకు తెలియకుండా ఒక ప్రాచీన కట్టడం దాక్కుని ఉందని అప్పుడే తెలిసింది మరి. నేను వెనక్కి తిరిగి, "చెయ్యి వెయ్యొద్దన్నారు తాతా, మీ అర్రకు ఢోకా లేదు" అన్నాను. తోటమాలి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మర్నాడు ముసలావిడ తడుముకుంటూ నా కిటికీ దాకా వచ్చి, ఉడకబెట్టిన పల్లికాయ కొంగులోంచి నా బల్ల మీద పోసింది. నేను ఎంత గొప్పదాన్నో ఆ రాత్రి మా ఆయనకు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ చెప్పాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇలాంటప్పుడు పుట్టిన సామెతే. దొర విమానం ఎక్కిన వారానికి అవుట్‌హౌస్ పేరు "హెరిటేజ్ కాటేజ్" అయింది. బోర్డు మీద రాయాల్సిన మాటలు నాచేతే టైపు చేయించారు. యూసుఫ్‌గూడ పెయింటరు పచ్చ రంగు మీద తెల్లక్షరాలు రాశాడు. బోర్డు బిగించిన రోజు రాజాగారు లోపలికి తొంగిచూసి మొహం చిట్లించారు.

"హెరిటేజ్‌లో కాపురం ఏంటమ్మా? పొయ్యి పొగకి రాళ్లు నల్లబడిపోతున్నాయి. రెండు నెలలు టైమిచ్చాను, చూసుకోమను."

"ఆయన చెయ్యి వెయ్యొద్దన్నారు కదండీ!" అన్నాను. నా గొంతు లేచింది.

"వేశామా? ఒక్క రాయి కదిపామా?"

నిజంగానే ఒక్క రాయి కదపలేదు. ఇద్దరు మనుషుల్ని కదిపారు, అంతే. వాళ్లు మోతీనగర్ దాటి బోరబండ వైపు రేకుల గది ఒకటి కిరాయికి తీసుకున్నారు. తోటమాలి రోజూ అక్కడి నుంచి నడిచొచ్చేవాడు. ఉద్యోగం తీసెయ్యలేదు కదా అని రాజాగారు తన దయకు తనే మురిసిపోయేవారు.

కాటేజ్ సినిమావాళ్లకు బాగా నచ్చింది. బీద హీరో ఇల్లు అదే, బీద హీరోయిన్ ఇల్లూ అదే. ఒక డైరెక్టరు గుమ్మంలో ముసలి తోటమాలి కూర్చుని ఉండాలన్నాడు. ఎదురుగా ఉన్నాడుగా అని మా మనిషిని కూర్చోబెట్టారు. ఆయన తన గుమ్మంలో తను అరవై ఏళ్లు కూర్చున్నట్టే కూర్చున్నాడు. "నేచురల్‌గా లేదు" అని లేపేసి, కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టును కూర్చోబెట్టారు. రుమాలు మాత్రం మా మనిషిదే అడిగి తీసుకుని అతని తలకు చుట్టారు.

ముసలావిడ కొత్త చోటికి వెళ్లిన మూడో నెలలో గడప తట్టుకుని పడింది. తుంటి విరిగి మంచం పట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు దొర ఉత్తరం వచ్చింది. గొర్రెలు బాగున్నాయి, కప్పు మళ్లీ కారుతోంది. చివర ఒక పేరా ఉంది. "బావి దగ్గర ఉండే ఆ పెద్దాయనా, ఆయన భార్యా ఎలా ఉన్నారు? మా దగ్గర తోటమాలికిచ్చిన ఇల్లు ఆయన పోయేదాకా ఆయనదే. పని మానేసినా సరే, పొమ్మనే హక్కు నాకు లేదు. మీ దగ్గరా అలాగే ఉంటుందా అని ఆ రోజే అడుగుదామనుకున్నాను. ఆయన ఆ మాట ఎత్తలేదు కాబట్టి, అడగాల్సిన పని లేదనుకున్నాను."

ఆయన ఎత్తాడు. నేను దించేశాను. రాజాగారికి చదివి వినిపిస్తుంటే ఆ పేరా దగ్గర కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. జలుబా అని అడిగారు. తర్వాత కళ్లు మూసుకుని జవాబు చెప్పారు. కాటేజీని ప్రాణంలా కాపాడుతున్నాననీ, పెద్దాయనా భార్యా చాలా సుఖంగా ఉన్నారనీ చెప్పారు. నేను టైపు చేశాను. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

కవరు అంటిస్తుంటే కిటికీలో తోటమాలి కనిపించాడు. చేతిలో, కాటేజ్ చుట్టూ కొత్తగా వేసిన గులాబీలకు నీళ్లు పోసే బకెట్టు ఉంది. బల్ల మీదున్న ఉత్తరానికి విదేశం స్టాంపు చూసి గుర్తుపట్టాడు.

"తెల్లదొరది ఉత్తరమొచ్చిందా అమ్మా? మా ముచ్చట ఏమన్న అడిగిండా?"

"అడిగారు తాతా. ఎలా ఉన్నారని అడిగారు."

ఆయన బకెట్టు కింద పెట్టాడు. ఆ రోజు ఆయన చెప్పిన చివరి మాట నేను దొరకు చెప్పలేదని అప్పుడైనా ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోకుండా కవరు అంచులు మళ్లీ ఒత్తాను.

"మంచిగనే ఉన్నమని రాయమ్మా" అన్నాడు. "గంత దూరంల ఉన్న మనిషికి మన ఫికర్ ఎందుకు?"

"అలాగే రాశాను తాతా" అన్నాను.